సెలవు నుంచి తిరిగిరాని వింధ్యావళి

మా శాఖ గురించి మీరు విని ఉండరు. వినకపోవడమే మీకు మంచిది. వినవలసి వచ్చిందంటే మీ దగ్గర ప్రభుత్వంవారి బల్లో బీరువానో ఉండిపోయిందని అర్థం.

మమ్మల్ని యథాస్థితి పరిరక్షణ శాఖ అంటారు. ప్రభుత్వ సామాను ఏదైనా గడప దాటి వెళ్లి తిరిగొస్తే, వెళ్లింది వెళ్లినట్టే వచ్చిందా లేదా అని చూసి చెప్పడం మా పని. ఎన్నికలకు బల్లలు వెళతాయి, తుఫాను శిబిరాలకు మంచాలు వెళతాయి, సభలకు కుర్చీలు వెళతాయి. నాలుగు కాళ్లతో వెళ్లిన కుర్చీ మూడు కాళ్లతో వస్తే మేం ఊరుకోం. ఐదు కాళ్లతో వచ్చినా ఊరుకోం. నిజానికి మాకు రెండోదే పెద్ద నేరం. పోయినదానికి పోయింది అని రాసి చేతులు దులుపుకోవచ్చు. ఎక్కువ వచ్చినదాన్ని ఎక్కడ చూపిస్తాం?

ఈ శాఖ బాపట్ల కార్యాలయంలో నేను సీనియర్ అసిస్టెంటుని. పేరు నాగభూషణం. నా పక్క సీటు వింధ్యావళిది. బల్లలు, మంచాలు ఆ అమ్మాయి చూసేది.

సెలవు పెట్టకముందు ఆమె ఎలా ఉండేదో చెప్పాలి. తర్వాత గొడవంతా దాని మీదే నడిచింది. సన్నగా ఉండేది. జడ నడుం దాటేది. ఫైల్లోంచి తలెత్తేది కాదు. ఆదివారం రమ్మంటే "సరే సార్" అనేది. పక్కవాడి పని తెచ్చి బల్ల మీద పడేసినా "సరే సార్" అనేది. అంత మంచి పిల్ల జిల్లాలోనే లేదని మేమంతా ఒప్పుకునేవాళ్లం. ఆ ఒప్పుకోలుకి మాకు ఖర్చేమీ లేదు.

ఆమె ప్రసూతి సెలవులో ఉండగా డిప్యూటీ డైరెక్టరుగా పరాంకుశంగారు వచ్చారు. ఆయన మామూలు మనిషి కారు. ఇంట్లో కూడా ఆఫీసు భాషలోనే మాట్లాడతారనీ, "భోజనము సిద్ధము చేయబడినదా" అని భార్యను అడుగుతారనీ చెప్పుకుంటారు. ఆయన వస్తూ వస్తూ ముఖం చూసి హాజరు వేసే యంత్రాన్ని తెప్పించారు. గుమ్మం పక్కన దాన్ని బిగించి, దండ వేసి, కొబ్బరికాయ కొట్టారు.

"ఇకమీదట ఈ కార్యాలయమునందు మనుషులు మనుషులను గుర్తుపట్టు అలవాటు రద్దు చేయబడినది" అని ప్రసంగించారు. మేం చప్పట్లు కొట్టాం.

మా అందరినీ వరసగా నిలబెట్టి యంత్రంలోకి కొత్త ఫోటోలు ఎక్కించారు. వింధ్యావళి ఊళ్లో లేదు కాబట్టి ఆమె ఉద్యోగంలో చేరినప్పుడు సర్వీసు రిజిస్టరులో అంటించిన ఫోటోనే ఎక్కించారు. అప్పుడు ఎవరికీ అందులో తప్పు కనబడలేదు.

సెలవు అయిపోయి ఆమె వచ్చిన రోజు నేను గుమ్మంలోనే ఉన్నాను. చెంపలు నిండాయి. వాటి మీద మంగు పట్టింది. నుదుటి దగ్గర జుట్టంతా ఊడిపోయి, ఆ చోట కొత్త వెంట్రుకలు గడ్డిపరకల్లా నిక్కబొడుచుకుని ఉన్నాయి. నడుం దాటే జడ పోయి చిన్న ముడి మిగిలింది. కాళ్లకి మగవాళ్ల చెప్పులున్నాయి.

"ఇవి మా ఆయనవండీ" అంది నేను చూడటం చూసి. "నా చెప్పులు ఒక్కటీ పట్టట్లేదు. కాన్పయ్యాక పాదం పెరుగుద్దని నాకెవరూ చెప్పలేదు భూషణంగారూ. నొప్పులొస్తాయని ఊరంతా చెప్పారు. జుట్టు దువ్వెనతో పాటు వచ్చేసుద్దని ఒక్కళ్లూ చెప్పలేదు. ఊరికే ఏడుపొస్తదని కూడా చెప్పలేదు."

"ఏడుపెందుకమ్మా?"

"నిన్న పాలపాకెట్టు చూసి ఏడ్చానండీ."

"చినిగిపోయిందా?"

"లేదండీ, బాగానే ఉంది. అంత బాగా ఉండేసరికి ఏడుపొచ్చింది."

లోపలికి పద, అన్నాను. ఆమె వెళ్లి యంత్రం ముందు నిలబడింది. యంత్రం కాసేపు ఆలోచించి, "మీరు మా వివరములలో లేరు. ధన్యవాదములు" అంది. కళ్లద్దాలు తీసి నిలబడింది. బొట్టు సర్దుకుని నిలబడింది. బుగ్గలు లోపలికి పీల్చి కూడా నిలబడింది. అది ప్రతిసారీ ధన్యవాదాలే చెప్పింది.

మా సూపరింటెండెంటు భ్రమరాంబగారు ఆమెను చెయ్యి పట్టుకుని పరాంకుశంగారి గదిలోకి తీసుకెళ్లారు. వెనకాలే నేనూ వెళ్లాను.

"మన వింధ్యావళి సార్. సెలవయిపోయి వచ్చింది. మిషను పట్టుకోవట్లేదు" అన్నారు భ్రమరాంబగారు.

ఆయన తలెత్తి చూశారు. "ఈమె వింధ్యావళి అని ఎవరు చెప్పినారు?"

"నేను చెబుతున్నా గదా సార్. ఇన్నేళ్లు నా సెక్షన్లో పనిచేసిన పిల్ల నాకు తెలీదా?"

"మీకు తెలియుట వేరు, కార్యాలయమునకు తెలియుట వేరు" అన్నారు ఆయన. తర్వాత సర్వీసు రిజిస్టరు తెప్పించి గుర్తింపు చిహ్నాల పేజీ తీశారు. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఒకటి, అని ఉంది. పాత బల్లల్లో చెదలు చూడటానికి మా దగ్గర భూతద్దం ఉంటుంది. దాన్ని తెప్పించి ఆయన దూరం నుంచే మర్యాదగా వింధ్యావళి చెంపను పరిశీలించారు. పుట్టుమచ్చ ఉంది. కానీ దాని చుట్టూ మంగు మచ్చలు కూడా ఉన్నాయి.

"ఒక మచ్చతో వెళ్లిన ఉద్యోగి అనేక మచ్చలతో వచ్చినది. వీటిలో అసలు మచ్చ ఏది?" అన్నారు పరాంకుశంగారు. కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన ముఖంలో ఒక కాంతి కనిపించింది. గొప్ప ఆలోచన వచ్చినప్పుడు పెద్ద అధికారుల ముఖాల్లో అది కనిపిస్తుంది, కిందివాళ్లు అప్పుడే జాగ్రత్తపడాలి. "మన శాఖ యొక్క మూలసూత్రమేమి? వెళ్లినది వెళ్లినట్టు రావలెను. బల్లలకు వర్తించు సూత్రము ఉద్యోగులకు ఏల వర్తించరాదు? ఉద్యోగి ప్రభుత్వ ఆస్తి కాదా?"

ఆ విధంగా ఉద్యోగుల యథాస్థితి నిర్ధారణ సంఘం ఏర్పడింది. పరాంకుశంగారు అధ్యక్షులు, భ్రమరాంబగారు సభ్యురాలు, నేను రాసేవాణ్ణి. నెలాఖరులోగా వింధ్యావళి తిరిగి వచ్చినట్టు తేలకపోతే, ఆమె ఉద్యోగం వదులుకున్నట్టు భావించబడును అని ఆయన మొదటిరోజే చెప్పించారు. పోటీ పరీక్షకు రెండుసార్లు కూర్చుని తెచ్చుకున్న ఉద్యోగం అది.

మర్నాడు పరిశీలన మొదలైంది. పరాంకుశంగారు చెబుతుంటే నేను రాశాను. కేశములు కొరత. బరువు అదనము. పాదములు అదనము. నడుము దిండు ఆనించనిదే నిలువదు, అంటే వదులైనది.

"ఒకవైపు కొరత, మరియొకవైపు అదనము" అని ఆయన గడ్డం నిమురుకున్నారు. "ఒకదానికి ఒకటి సర్దుబాటు చేయుటకు అవకాశమున్నదేమో చూడుడు."

"జుట్టు ఊడిందాన్ని పాదంలో సర్దుతారా సార్?" అన్నారు భ్రమరాంబగారు.

అప్పుడే కింద బస్టాపులో ఎవరి బిడ్డో గుక్కపట్టి ఏడ్చింది. వింధ్యావళి ఉలిక్కిపడి కొంగు నిండా కప్పుకుంది. తల వంచేసుకుంది.

"ఏమైనది?" అన్నారు పరాంకుశంగారు.

"పాలు చేపాయి సార్" అన్నారు భ్రమరాంబగారు, ఎలాంటి మొహమాటం లేకుండా.

"ఏడ్చినది ఈమె బిడ్డ కాదు గదా?"

"పాలకి ఆ తేడా తెలీదు సార్."

ఆయన కాసేపు కిటికీ వైపు చూసి, "రాసుకొనుడు" అన్నారు. "ఇతరుల పిలుపునకు సైతం ముందస్తు అనుమతి లేకుండా స్పందించుచున్నది."

రాశాను. రాస్తున్నప్పుడు తలెత్తబుద్ధి కాలేదు. మనిషి ఒంటి గురించి రాస్తూ బల్లల గురించి రాసే మాటలే వాడుతున్నానని సిగ్గేసింది.

"శారీరక అంశములు సందిగ్ధముగానున్నవి" అన్నారు ఆయన. "స్వభావమును బట్టి నిర్ధారింతము. వింధ్యావళి స్వభావము రిజిస్టరులో శాంతము, విధేయము అని ఉన్నది." తర్వాత ఆ అమ్మాయి వైపు తిరిగి మామూలుగా అడిగినట్టు అడిగారు. "ఈ ఆదివారము వచ్చి మంచములు లెక్కపెట్టవలెను. వచ్చెదరా?"

ఒక్క మాట అంటే చాలు, గండం గడుస్తుంది. భ్రమరాంబగారు బల్లకింద ఆమె కాలు తొక్కారు కూడా.

వింధ్యావళి ఆలోచించింది. "ఎందుకు సార్?" అంది.

పరాంకుశంగారు కలం కింద పెట్టారు. ఆమె సర్వీసు మొత్తం మీద ఆ మాట అన్న దాఖలా లేదు. అన్నందుకు ఆమే ఎక్కువ ఆశ్చర్యపోయినట్టుంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్లమ్మట నీళ్లు కారాయి. కారుతుండగానే నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఒకే సమయమున రెండు భావములు" అన్నారు ఆయన. "ఇది మంజూరైన సంఖ్యకు మించినది."

ఆ సాయంత్రం వరండాలో భ్రమరాంబగారు ఆమె పక్కన కూర్చున్నారు. "నా పెద్దోడు పుట్టాక నేనూ ఇంతేనే. కుక్కరు కూతేస్తే ఏడిచేదాన్ని. మొగుడు గురక పెడితే దిండుతో కొట్టాలనిపించేది. ఎవరితో చెప్పుకుంటాం? అప్పుడు ఈ మిషను లేదు గాబట్టి లోపలికొచ్చి కూచున్నా" అన్నారు. వింధ్యావళి ఆవిడ భుజం మీద తల ఆనించింది. నేను ఫైలు వెతుకుతున్నట్టు నటించి లోపలికి వెళ్లిపోయాను.

తర్వాత సాక్షుల్ని పిలిచారు. మొదట ఆమె భర్త కిరీటి. మోటారు సామాన్ల కొట్టు అతనిది, నెమ్మదస్తుడు.

"ఈమె మీ భార్యయేనా?"

"ఆమేనండీ."

"సెలవునకు ముందు మీ ఇంట ఉన్నదియు, ఇప్పుడున్నదియు ఒకరేనా?"

అబద్ధం చెప్పడం రానివాళ్లతో ఇదే చిక్కు. కిరీటి నీళ్లు నమిలాడు. "మనిషి ఆమేనండీ. కాకపోతే, ఇదివరకు నేను కంచంలో చెయ్యి కడిగితే ఏమనేది కాదండీ. మొన్న కంచమే తీసి బయట పెట్టింది. తర్వాత తనే ఏడ్చింది. ఇదివరకు నాకు తను అర్థమయ్యేదండీ." వింధ్యావళి అతని వైపు చూసిన చూపుకి అతను గోడవైపు జరిగాడు.

తర్వాత ఆమె తల్లి రాజ్యలక్ష్మిగారు పిల్లవాణ్ణి చంకనేసుకుని వచ్చారు. "నా కడుపున పుట్టినదాన్ని పట్టుకుని ఎవరని అడుగుతారేంటి బాబూ!" అని మొదలుపెట్టారు. మాకు ధైర్యం వచ్చింది. కానీ ఆవిడ అక్కడితో ఆగలేదు. "కాకపోతే నా మాట వినిపిచ్చుకోలా. చెవుల్లో దూది పెట్టుకోవే అంటే పెట్టుకోలా. సాంబ్రాణి పొగ వెయ్యనీలా. నడుంకి గుడ్డ కట్టుకోలా. పచ్చి బాలింతరాలు ఫ్యాను కింద కూచుంది. గాలి చొరబడింది. ఇదివరకు నా మాటకి ఎదురు చెప్పేదా ఈ పిల్ల?"

పరాంకుశంగారు ముందుకు వంగారు. "చెవుల ద్వారా బయటినుండి ఏదో ప్రవేశించినదని మీ అభిప్రాయమా?"

"ప్రవేశించకపోతే ఇట్టా ఎందుకుంటది బాబూ?"

"రాసుకొనుడు. చొరబాటు జరిగినట్టు తల్లియే ధ్రువీకరించినది."

అంతలో పిల్లవాడు అమ్మమ్మ చంకలోంచి రెండు చేతులూ చాచి వింధ్యావళి మీదికి దూకబోయాడు. ఆమె అందుకోగానే మెడలో ముఖం దాచేసుకుని చప్పరించడం మొదలుపెట్టాడు. భ్రమరాంబగారు లేచి నిలబడ్డారు. "ఇంతకంటే ఏం సాక్ష్యం కావాలి సార్? పసివాడు గుర్తుపట్టాడు."

నిజం చెప్పొద్దూ, నేను కూడా గెలిచాం అనుకున్నాను. పరాంకుశంగారు పిల్లవాణ్ణి చాలాసేపు చూశారు. ఆయన తెలివితక్కువ మనిషి కాదని నాకు అప్పుడు తెలిసింది. తెలివైనవాడైతే బాధ ఇంకా ఎక్కువ.

"ఈ సాక్షి పుట్టకముందు వింధ్యావళిని చూచియున్నాడా?"

భ్రమరాంబగారు మళ్లీ కూర్చున్నారు.

"చూడలేదు. ఇతనికి తెలిసినది ఈమెయే. పూర్వపు వింధ్యావళిని ఇతడు ఎన్నడూ ఎరుగడు. ఇతని సాక్ష్యము వలన తేలినదేమనగా, ఈమె ఇతని తల్లి. ఈమె మా ఉద్యోగి అని తేలలేదు."

వింధ్యావళి మాత్రం ఆ మాట విని తలెత్తింది. ఆయన వైపు కాదు, పిల్లవాడి వైపు చూసింది. తర్వాత ఇంటికెళ్లేదాకా వాణ్ణి చంక దించలేదు.

సంఘం నిర్ణయం వెలువడింది. సెలవుపై వెళ్లిన వింధ్యావళి ఇంతవరకు తిరిగి రాలేదు. ఆమె పేరుతో మరియొక మహిళ వచ్చినది. వింధ్యావళికి సంజాయిషీ నోటీసు పంపవలెను. నోటీసు ఇంటికి రిజిస్టరు పోస్టులో వెళ్లింది. పోస్టుమ్యాన్ ఆమెను చూసి, "ఏమ్మా, బాబు బాగున్నాడా?" అని అడిగి సంతకం పెట్టించుకుని ఇచ్చేశాడు. తపాలావాళ్లలో మనుషుల్ని గుర్తుపట్టే అలవాటు ఇంకా రద్దు కాలేదు.

ఆ కాగితం పట్టుకుని ఆమె నా దగ్గరకొచ్చింది. "నేనెందుకు రావట్లేదని నన్నే అడుగుతున్నారు. రోజూ వస్తూ, రానందుకు ఏం కారణం రాయను భూషణంగారూ?"

ఈలోగా పరీక్షలు అయిపోయి కాలేజీల నుంచి లారీల కొద్దీ బల్లలు వచ్చి పడ్డాయి. వింధ్యావళి సీటు ఖాళీ. ఆ పని ఇంకెవరికీ రాదు. పరాంకుశంగారు ఆలోచించి, రోజూ గుమ్మంలో నిలబడుతున్న ఆ గుర్తుతెలియని మహిళను, సెలవులో ఉన్న వింధ్యావళి స్థానంలో తాత్కాలికంగా నియమించారు. ఆ విధంగా వింధ్యావళి తన కుర్చీలో తనకు బదులు కూర్చుంది. ప్రతి కాగితం మీద వింధ్యావళి తరఫున అని రాసి సంతకం పెట్టింది. సంతకం ఒకేలా ఉందని నేను ఆయనకు చూపించాను. "మంచి అనుకరణ" అని మెచ్చుకున్నారు.

ఇంతవరకూ నవ్వుకునేదే. తర్వాత నవ్వు రాలేదు. మధ్యాహ్నం బిడ్డకు పాలివ్వడానికి తల్లులు ఇంటికి వెళ్లి రావచ్చని మా దగ్గర నియమం ఉంది. ఆమె వెళ్లబోతే పరాంకుశంగారు ఆపారు.

"ఆ సదుపాయము ప్రసూతి సెలవు నుండి తిరిగి వచ్చిన వారికి. మీరు తిరిగి వచ్చియుండలేదు."

రెండు రోజులు పళ్ల బిగువున కూర్చుంది. మూడోనాటికి పాలు గడ్డకట్టి జ్వరం వచ్చింది. వణుకుతూ బల్లల వివరాలు రాస్తుంటే భ్రమరాంబగారు ఇక ఎవర్నీ అడగకుండా ఆటో పిలిచి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లారు. నాకైతే ఒళ్లు మండిపోయింది. మండిన ఒంటితోనే ఆ రోజు ఫైళ్లన్నీ సర్దాను, అంతకుమించి చేయగలిగింది లేక.

అక్కడి లేడీ డాక్టరు మందులిచ్చి, ఒక కాగితం రాసిచ్చింది. జుట్టు రాలడం, మంగు, పాదాలు పెరగడం, నడుంనొప్పి, కారణం లేకుండా ఏడుపు, కోపం, మతిమరుపు, ఇవన్నీ కాన్పు తర్వాత చాలామందికి వచ్చేవేనని రాసింది. కొన్ని పోతాయి, కొన్ని ఉండిపోతాయి, ఏడుపు మరీ తగ్గకపోతే మళ్లీ తీసుకురండి, ఈలోగా ఆమెను కాస్త నిద్రపోనివ్వండి అని కూడా రాసింది. ఇది సహజ స్థితేనని కింద గీత గీసి చెప్పింది.

పరాంకుశంగారు ఆ గీత మీద వేలు పెట్టారు. "ఇది సహజ స్థితియైనచో, పూర్వమున్నది ఏ స్థితి?"

"అదీ సహజమే సార్" అన్నాను.

"ఒక పోస్టునకు రెండు సహజ స్థితులు మంజూరు కాలేదు నాగభూషణంగారూ."

నెలాఖరు వచ్చింది. చివరి విచారణకు జ్వరం తగ్గీ తగ్గకుండానే వచ్చింది వింధ్యావళి. తల్లి, పిల్లవాడు వరండాలో కూర్చున్నారు. పరాంకుశంగారు అడగవలసినది అడిగారు. "సెలవుపై వెళ్లిన వింధ్యావళి ఎప్పటిలోగా తిరిగి రాగలదో తెలుపగలరా?"

"రాదు సార్" అంది.

భ్రమరాంబగారు గాభరాగా ఆమె చెయ్యి పట్టుకున్నారు. ఆమె మెల్లగా ఆ చెయ్యి విడిపించుకుంది.

"నేనూ ఎదురుచూశాను సార్. అద్దం చూసినప్పుడల్లా ఇవాళొస్తుందేమో, రేపొస్తుందేమో అనుకున్నాను. ఆవిడ కోసం జాకెట్లు కూడా కుట్లు విప్పించకుండా దాచిపెట్టాను. మా అమ్మ ఆవిడ కోసమే చూస్తోంది. మా ఆయనా ఆవిడ కోసమే చూస్తున్నాడు. అందరూ నా వెనకాల ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూస్తారు గానీ, నన్నెవరూ చూడట్లేదు సార్. ఇంక మీ మిషన్ని అనుకుని ఏం లాభం? మొన్న మీరే చెప్పారు, మా వాడికి పాతావిడ తెలీదని. ఆ రాత్రంతా దాని గురించే ఆలోచించాను. వాడొక్కడే నన్ను ఇంకెవరితోనూ పోల్చడు. కాబట్టి చెబుతున్నా. ఆవిడ ఇంక రాదు. నేనున్నాను. నాకు ఉద్యోగం కావాలి."

పరాంకుశంగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కరిగిపోయారేమోనని ఆశపడ్డాను. అద్దానికి దుమ్ము పట్టిందట.

"రాదని ధ్రువీకరించుచున్నారు. సంతోషము. కానీ ఆమె చార్జి అప్పగించకయే వెళ్లినట్లగును. చార్జి అప్పగించని స్థానమున మరియొకరిని శాశ్వతముగా నియమించుట కుదరదు. చార్జి ఎవరు ఇచ్చెదరు?"

"నేనిస్తాను."

"ఎవరు పుచ్చుకొనెదరు?"

"నేనే పుచ్చుకుంటాను."

ఆయన నియమావళి తెరిచారు. పేజీలు తిప్పారు. వెనక్కి తిప్పారు. ముఖంలో మళ్లీ ఆ కాంతి వచ్చింది. "ఇచ్చువారును పుచ్చుకొనువారును వేర్వేరు దేహములై యుండవలెనని ఇందులో ఎచ్చటను చెప్పబడలేదు! కానిండు. చార్జి స్వీకరించిన మరుక్షణము నుండి మీరు ఈ స్థానమున శాశ్వత ఉద్యోగిగా భావించబడుదురు. పాలిచ్చు సదుపాయము కూడ వర్తించును."

మా ఆఫీసులో చార్జి అప్పగింత ఉత్త సంతకాలతో అయిపోదు. వెళ్లిపోయే మనిషి కుర్చీలో కూర్చుని, తన దగ్గరున్నవేమిటో నలుగురూ వినేలా పైకి చెప్పి, బీరువా తాళాలు బల్ల మీద పెట్టి లేవాలి. వచ్చే మనిషి ఇవతలి వైపు నుంచి వచ్చి, అందినవి అందాయనీ అందనివి అందలేదనీ చెప్పి కూర్చోవాలి. ఆఫీసంతా వింధ్యావళి సీటు చుట్టూ చేరింది. వరండాలోంచి రాజ్యలక్ష్మిగారు కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు.

వింధ్యావళి కుర్చీలో కూర్చుంది. నడుం వెనక దిండు తీసి పక్కన పెట్టింది, పాతావిడకు అది అవసరం లేదు కాబట్టి. జడ భుజం మీదుగా ముందుకు వేసుకోబోయి, జడ లేదని గుర్తొచ్చి చెయ్యి ఒళ్లో పెట్టుకుంది.

"నేను వింధ్యావళిని" అంది మునుపటిలాగే సన్నగా. "బల్లల ఫైళ్లన్నీ ఉన్నాయి. మంచాల ఫైళ్లున్నాయి. నాకు మంచి జుట్టుండేది. పడుకుంటే తెల్లారేదాకా మెలకువ వచ్చేది కాదు. ఆకలేసినప్పుడు తినేదాన్ని. జీతమొచ్చిన రోజు ఒక్కదాన్నే బీచికెళ్లి మొక్కజొన్న పొత్తు కొనుక్కుని తినేదాన్ని, అది ఎవరికీ తెలీదు." తాళాల గుత్తి అరచేతిలోకి తీసుకుంది. "నాకు అందరంటే భయంగా ఉండేది సార్. ఎవరైనా గట్టిగా మాట్లాడితే చేతులు చల్లబడేవి. ఆ భయం కూడా ఇక్కడే ఉంది. అన్నీ అప్పగిస్తున్నాను."

తాళాలు బల్ల మీద పెట్టింది. కానీ లేవలేదు.

"లే తల్లీ" అన్నారు భ్రమరాంబగారు.

"పాపం మేడం, ఆవిడ చెడ్డదేం కాదు" అంది వింధ్యావళి. కళ్లు నిండిపోయాయి. "పంపించాలంటే దిగులుగా ఉంది." తలుపు దగ్గర రాజ్యలక్ష్మిగారు గట్టిగా ముక్కు చీదారు.

తర్వాత బల్ల పట్టుకుని మెల్లగా లేచింది. ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, భర్త చెప్పులు ఈడ్చుకుంటూ బల్ల చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చింది. ఖాళీ కుర్చీ వైపు చూసి తల పంకించింది. తాళాలు తీసుకుంది.

"అందినవి చెప్పుడు" అన్నారు పరాంకుశంగారు. కలం పట్టుకుని నేను సిద్ధంగా ఉన్నాను.

"బల్లల ఫైళ్లు అందాయి సార్. మంచాలవి అందాయి. తాళాలు అందాయి. పొత్తు సంగతి అందింది. జుట్టు సగం అందింది. నిద్ర అందలేదు."

"భయము?"

ఆమె చుట్టూ చూసింది. కుర్చీ వైపు చూసింది, బల్ల మీద చూసింది, తన చేతులు రెండూ తిప్పి చూసుకుంది. నిజంగానే వెతుకుతున్నట్టు ఉంది ఆ చూపు.

"అది అందలేదు సార్."

"ఇచ్చిన వారు ఇచ్చితిననిరి. పుచ్చుకొన్న వారు అందలేదనుచున్నారు." పరాంకుశంగారి కంఠం పెరిగింది. ఇలాంటి చోటే ఆయన ప్రాణం లేచి వస్తుంది. "ఇచ్చటికి వచ్చులోగా మధ్యలో ఎచ్చట పోయినది? స్థలము చెప్పవలెను. పోయిన వస్తువును పోయిన చోటికి అధికారి స్వయముగా వెళ్లి వెతికిన పిదపగాని రద్దు చేయుటకు వీలులేదు."

"కాన్పు గదిలో సార్" అంది వింధ్యావళి, కుర్చీలో కూర్చుని దిండు నడుం వెనక సర్దుకుంటూ. "నొప్పులు పడుతున్నప్పుడు. వెతికి వస్తారా?"

ఆయన నియమావళి వైపు చూశారు. మా వైపు చూశారు. తర్వాత, సర్వీసులో మొదటిసారి, వెతకకుండానే రద్దు చేయమన్నారు.